ముందు అన్నం, తర్వాత కబురు

దుర్గాలక్ష్మి కుర్చీలో నిండుగా కూర్చోగా చూసినవాళ్ళు ఆ కంపెనీలో ఎవరూ లేరు. అంచు మీద కూర్చుంటుంది. అదీ ఒక కాలు నేలకి గట్టిగా ఆనించి, పరుగెత్తమంటే పరుగెత్తేటట్టు. ఎదురుగా బల్ల మీద ఎర్ర ఫోను ఉంటుంది. కాసేపు మోగకపోతే చాలు, దాన్నెత్తి చెవి దగ్గర పెట్టుకుని టోన్ వస్తోందో లేదో వింటుంది. వస్తోందని తెలిశాక పెట్టేస్తుంది. నాలుగు మాటలు మాట్లాడుకునేలోగా మళ్ళీ ఎత్తుతుంది. "దానికేటి జొరమా, అస్తమానూ సెయ్యెట్టి సూత్తావు," అంటుంది అదే షిఫ్టులో పక్క కుర్చీలో కూర్చునే కుమారి. దుర్గాలక్ష్మికి నవ్వు రాదు. జ్వరం ఫోనుకి కాదని ఇద్దరికీ తెలుసు.

అనకాపల్లి నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో, ఒకప్పుడు సరుగుడు తోటలూ చెరకు మళ్ళూ ఉన్న నేలలో ఇప్పుడు వరసగా ఫ్యాక్టరీలు లేచాయి. అందులో మందులకి ముడిసరుకు తయారుచేసే కంపెనీ ఒకటి. ఆ గోడల మధ్య ఏ మూల ఏం జరిగినా, మంట రేగినా, గ్యాసు లీకైనా, మనిషి పడిపోయినా, కంట్రోల్ రూముకి ఫోను రావాలి. నిప్పురవ్వ భయంతో సెల్‌ఫోన్లు గేటు దగ్గరే పెట్టించేస్తారు కాబట్టి, ప్రతి బ్లాకు గోడకీ ఒక ఫోను బిగించి ఉంటుంది. అటు నుంచి ఎవరో ఒకరు చెప్పాలి, ఇటు దుర్గాలక్ష్మి వినాలి, విని ఎవరిని ఏ సామానుతో ఎక్కడికి పంపాలో పంపాలి. ఉద్యోగం ఇంతే.

ఇంతే అనుకుంటే మన జనం చెడుకబురు చెప్పే తీరు తెలియనట్టే. మనవాళ్ళు దాన్ని తిన్నగా చేతిలో పెట్టరు. నాలుగు గుడ్డలు చుట్టి, పైన పువ్వొకటి పెట్టి అందిస్తారు. ఒకసారి బాయిలర్ వెనక ఎండుగడ్డి అంటుకుంటే ఫోన్ చేసిన పెద్దమనిషి, "నమత్తే మేడమ్. బాగున్నారా? మీ పనికేటీ అడ్డం రాలేదు కదా?" అని మొదలుపెట్టాడు. బాగానే ఉన్నానని ఆమె చెప్పేలోగా గడ్డి కాస్తా బూడిదైంది. ఇంకోసారి క్యాంటీన్‌లో వంటమనిషి మీద కాగే నూనె పడింది. "ఏటీ లేదు మేడమ్, కొంచెం తగిలింది, మీరు కంగారు పడకండి," అన్నాడు చెప్పినవాడు. ఆ కొంచెం మోచేతి నుంచి వేళ్ళ దాకా ఉంది.

దీనికి తోడు చుట్టరికాలు. ఎవరి కళ్ళ ముందు లీకు కనిపించినా ఆ మనిషి తిన్నగా ఫోన్ చేయడు. తనని పనిలో పెట్టించిన మేస్త్రీని వెతుక్కుంటూ పోతాడు. ఆ మేస్త్రీ అతనికి బావో మామో అవుతాడు. "మామకి సెప్పకుండా ఫోన్ సేత్తే మామకి మాటొత్తాది కదా మేడమ్," అని ఒకడు ఆమె మొహం మీదే అన్నాడు. మామకి మాట రాకుండా కాపాడుకున్నాడు సరే, ఆ రోజు కారిన యాసిడ్ మూడు పంపుల్ని తినేసిందని ఎవరికి చెప్పుకోవాలి?

అందుకే పొద్దున్న షిఫ్టు ఎక్కేముందు అందరూ గుమిగూడే చోట దుర్గాలక్ష్మి వెళ్ళి నిలబడుతుంది. సేఫ్టీ ఆఫీసర్ దేవీప్రసాద్ పుస్తకం భాషలో చెప్పినది ఆమె పల్లె భాషలో మళ్ళీ చెబుతుంది. "ఏటయ్యింది. ఎక్కడయ్యింది. ఎంతమందికయ్యింది. ఆకర్న పేర్లు. నాను పెట్టమనే దాకా ఫోను పెట్టొద్దు. బాగున్నావా, తిన్నావా అని నన్నడగొద్దు. నాను బాగానే ఉన్నాను, తిన్నాను. ముందది సెప్పు." జనం నవ్వుతారు. నవ్వి, ఆ మాటనే ఆమెకి పేరుగా పెట్టేశారు. ఆమె నడిచి వెళ్తుంటే వెనక నుంచి మెల్లిగా, "ముందదిసెప్పు ఎల్తంది," అనుకుంటారు.

ఇంట్లోనూ అదే పోరు. సంబంధం మాట్లాడడానికి వచ్చిన ఒకాయన వానల గురించీ వేటల గురించీ, చేపల ధర గురించీ చెప్పుకుంటూ పోతుంటే, గుమ్మంలోంచి దుర్గాలక్ష్మి, "నచ్చిందా లేదా, ముందది సెప్పండి," అంది. ఆయన తాగుతున్న టీ సగంలో వదిలేసి పోయాడు. తల్లి చిన్నమ్మలు నెత్తి కొట్టుకుంది. "నీ నోట్లో నిప్పులొయ్యా," అని వారం రోజులు సాధించింది. ఆ తొందర ఎక్కడి నుంచి వచ్చిందో తల్లికి తెలుసనీ, తెలిసీ అంటోందనీ దుర్గాలక్ష్మికి కోపం.

చిన్నప్పుడు ఆమె ఇలా ఉండేది కాదు. తండ్రి నూకరాజు తెప్ప ఒడ్డుకి చేరేదాకా ఇసకలో బోర్లా పడుకుని గవ్వలు ఏరుకునే నిదానస్తురాలు. పిలిస్తే పలకడానికి కూడా బద్ధకించే పిల్ల. ఇంటర్ చదవడానికి అనకాపల్లి వచ్చి హాస్టల్లో ఉన్న రోజుల్లో, ఒక పొద్దున్న మేనమామ కొర్లయ్య కాలేజీ గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "ఏటీ లేదమ్మా. మీ నాన్నకి ఒంట్లో కొంచెం బాలేదు. నిన్ను సూడాలంతన్నాడు. భోంచేసేవా?" అన్నాడు. లేదంది. బస్‌స్టాండు దగ్గర హోటల్‌కి తీసుకెళ్ళి భోజనం చెప్పాడు. తనకి కడుపు బాలేదని ఎదురుగా కూర్చున్నాడు. ఆ రోజు బంగాళాదుంప వేపుడు బాగుందని ఆమె మారు వడ్డించుకుంది. అప్పడం కూడా ఇంకోటి అడిగింది. మామ కళ్ళార్పకుండా చూస్తుంటే, పాపం మామ డబ్బులు ఎక్కువవుతున్నాయనుకుంటున్నాడేమోనని సిగ్గుపడింది.

ఆటోలో పల్లెకి చేరేసరికి ఒడ్డున జనం. ఎవరూ మాట్లాడడం లేదు. తెల్లవారుజామునే నూకరాజుని కెరటం ఒడ్డుకి తెచ్చి పడేసిందని అప్పుడు తెలిసింది. ఇసక మీద తెరచాప గుడ్డ కప్పి ఉంది.

కొర్లయ్య చేసింది తప్పని పల్లెలో ఒక్కరూ అనలేదు. పైపెచ్చు మెచ్చుకున్నారు. చావుకబురు చెవిన పడ్డాక ఆ ఇంట్లో పొయ్యి వెలగదు, పిల్ల పచ్చి మంచినీళ్ళు ముట్టదు, అందుకే కడుపులో ఇంత పడ్డాక తెచ్చాడు, మేనమామంటే అలా ఉండాలన్నారు. అక్కడి పద్ధతి అదే. దూరాన ఉన్నవాళ్ళకి ముందు అన్నం, తర్వాత కబురు. ఎవరైనా ఫోన్ చేసి మరీ మరీ తిన్నావా అని అడిగి, తిన్నాక బయల్దేరు అన్నారంటే, పెద్దవాళ్ళు ఆ ముద్ద గొంతు దిగకముందే సంగతి గ్రహిస్తారు. దుర్గాలక్ష్మికి అప్పటికి ఆ వయసు రాలేదు. నాన్న ఇసక మీద పడుకుని ఉంటే తను అప్పడం కొరుకుతూ కూర్చుందన్న సంగతి మాత్రం ఆమెకి ఇప్పటికీ అరగలేదు. మామతో మాట్లాడుతుంది, పండక్కి కాళ్ళకి దండం పెడుతుంది. ఆయన ఎదుట ఒక్క ముద్ద నోట్లో పెట్టదు. ఇక భోంచేసేవా అన్నది మనదేశంలో రోజుకి పదిమంది అడిగే మాట. ఎక్కడికని పారిపోతుంది? విన్నప్పుడల్లా లోపల ఏదో జారిపడుతుంది, లేదు లేదు ఇది మామూలుగా అడిగిందే అని మళ్ళీ ఎత్తి పెట్టుకోవాలి.

తండ్రి పోయాక మామ వేట మానేశాడు. ఫ్యాక్టరీలో ట్యాంకులు కడిగే మనుషులకి మేస్త్రీగా చేరాడు. మేనకోడలికి కంట్రోల్ రూము, ఆమె తమ్ముడు చంటిబాబుకి తన ముఠాలోనే పని ఆయన పుణ్యమే. చంటిబాబు నోరు విప్పితే వేళాకోళం. తమ్ముడు డ్యూటీకి బయల్దేరితే దుర్గాలక్ష్మి గుమ్మం దాకా వెంటపడుతుంది. బెల్టు కట్టుకో, తాడు తగిలించు, గాలి కొలిచే మీటర్ పెట్టి చూడకుండా ట్యాంకులో తల దూర్చకు. "అక్కా, ఇంట్లో కూడా కంట్రోల్ రూమేటి," అంటాడు వాడు, అని చెప్పు వేసుకుంటూ ఒంటికాలి మీద గెంతుతాడు.

ఆ రోజు ఎండ మండిపోతోంది. మధ్యాహ్నం క్యాంటీన్ గంట కొట్టారు. కుమారి తన క్యారియర్ విప్పి, దుర్గాలక్ష్మి క్యారియర్ కూడా ముందుకు తోసింది. పొద్దున్న తల్లి పెట్టిన చేపల పులుసు అందులో ఉంది. మూత తియ్యబోతుంటే ఎర్ర ఫోను మోగింది. రెండో మోత లేకుండా ఎత్తింది.

"కంట్రోల్ రూమ్. ఏటయ్యిందో సెప్పండి."

"అమ్మాయ్, నానే. మామని."

"సెప్పు మామా."

"ఏటీ లేదు." కొర్లయ్య ఆగాడు. "భోంచేసేవా?"

క్యాంటీన్ గంట కొట్టిన వేళ ఎవరైనా అడిగే మాటే. కానీ ఆ ఎర్ర ఫోనుకి మామ ఎప్పుడూ చేయలేదు. గొంతు అదే. మెత్తగా, ఒక్కో మాటా దించి పెడుతున్నట్టు, హోటల్ బల్లకి అవతల కూర్చున్న గొంతు.

"ఎక్కడున్నావు? ఏటయ్యింది?"

"దేవీప్రసాద్ బాబున్నారేటి అక్కడ? ఒకసారి ఆయనకియ్యి."

"రౌండుకి ఎల్లేరు. నాకు సెప్పు."

"కంగారు పడిపోకు. మనోడొకడికి కొంచెం కళ్ళు తిరిగేయి. ఎండకి. నువ్వు ముందు భోంచెయ్యి, ఈలోగా ఆయనొత్తే..."

కళ్ళు తిరిగాయంటే ఏం పంపాలో రాసే ఉంది. అంబులెన్సు, నర్సు, గ్లూకోజు నీళ్ళు. ఆ మాట పట్టుకుని అదే పంపితే ఆమెని ఎవరూ తప్పు పట్టరు. చెప్పినదానికి తగ్గట్టు చేసినట్టే. చెయ్యి అటు వెళ్ళింది కూడా. వెళ్ళినది ఆగిపోయింది. గుడ్డ విప్పకుండా కబురు అందుకుంటే లోపల ఏముందో తెలియదు, అది విప్పడానికి మామకి కావలసింది ఒక్కటే.

"మామా, నాను భోంచేసేను," అంది. "కడుపు నిండా తిన్నాను. మారు కూడా ఏసుకున్నాను. ఇంక సెప్పు."

కుమారి మూత తియ్యని క్యారియర్ వంకా, ఆమె వంకా చూసింది.

కొర్లయ్య గొంతు మారిపోయింది. "పడిపోనాడమ్మా. ట్యాంకులో పడిపోనాడు."

"లోపలా?"

"లోపల. పిలిత్తే పలకటం లేదు."

"ఏ ట్యాంకు?"

"మూడో బ్లాకు ఎనక, కడగడానికి తెరిసింది. బెల్టు ఇప్పీసేడే, వంగడానికి అడ్డమొత్తందని. తాడు లాగితే ఉట్టి బెల్టే వచ్చింది."

"లోపల ఎంతమందున్నారు?"

"ఒక్కడే. మన ముఠా అప్పారావు దిగతన్నాడు."

దుర్గాలక్ష్మి మామకి జవాబు చెప్పకుండా సైరన్ బటన్ నొక్కి, కుమారి వైపు తిరిగింది. "మూడో బ్లాకు వెనక కడిగే ట్యాంకు. మనిషి లోపల పడున్నాడు. లోపల గాలి లేదు. గాలి సిలిండర్లు, మాస్కులు, తాళ్ళు ముందు. అంబులెన్సు వాళ్ళ వెనక." కుమారి అక్షరం పొల్లుపోకుండా రేడియోలో చెప్పింది.

అలాంటి ట్యాంకు పైనుంచి చూస్తే ఖాళీ బిందెలా అమాయకంగా ఉంటుంది. వాసన రాదు, పొగ రాదు. నాలుగు ఊపిర్లు తీసేలోగా మనిషిని కూల్చేస్తుంది. అయ్యో అని ఎత్తడానికి దిగినవాడు వాడి మీదే పడతాడు. మొదట పడినవాడి కంటే దిగినవాళ్ళే ఎక్కువమంది పోతారని దేవీప్రసాద్ ప్రతి క్లాసులోనూ చెబుతాడు. ప్రతి క్లాసులోనూ అందరూ తలూపుతారు. తనవాడు కళ్ళెదుట పడి ఉంటే క్లాసు ఎవరికి గుర్తుంటుంది?

"మామా, అప్పారావుని ఎనక్కి లాగు. దిగితే ఆడూ పోతాడు. లాగేవా?"

"లాగేను. ఏడుత్తన్నాడు."

"అక్కడ గాలి కొట్టే బ్లోయరుందా? దాని గొట్టం లోనికి ఒగ్గమను. తల దూర్చొద్దను. ఒగ్గేడా?"

"ఒగ్గేడు." కొర్లయ్య రొప్పుతున్నాడు. "మరి నాను దిగతాను. సముద్రంలో ఊపిరి బిగబట్టినోణ్ణి, నాకేటీ కాదు. ఫోను పెట్టీ."

"ఫోను పెట్టకు."

"అమ్మాయ్, ఆడెవడో నీకు తెలదు. ఆడు మన..."

"పేరు సెప్పకు."

ముందది సెప్పు, ముందది సెప్పు అని ఊరంతా వేళాకోళం చేసేటట్టు బతికిన మనిషి, ఆ మాట అంది. పేరు ఆఖర్న అడగాలన్నది ఆమె పెట్టిన వరసే. అది చెవిన పడితే కాళ్ళు తనని ఈ గదిలో ఉంచవని ఆమెకి తెలుసు. అడగకపోయినా తెలిసినదాన్ని మామ నోట వినకుండా ఆపుకుంటే, ఇంకాస్సేపు ఈ ఫోను పట్టుకోగలదు. ఇక్కడ తను లేస్తే అక్కడ మామ దిగుతాడు. అంత తేలిక లెక్క.

"ఫోను పట్టుకుని నించో. నువ్వు కబురు సెప్పిన మనిషివి. నాను పెట్టమనే దాకా పెట్టకూడదు, రోజూ సెప్తాను కదా. టీమ్ కనిపిత్తందా?"

"లేదు."

"దారి వైపు సూడు. కనిపిత్తే సెప్పు."

"నా సేతుల్తో పెంచేను గదే," అని ఏడ్చాడు కొర్లయ్య. "మీ అమ్మకి నా మొకం ఎలగ సూపించను?"

"దారి వైపు సూడు మామా."

అప్పుడు చూసింది కుమారి. దుర్గాలక్ష్మి కుర్చీలో వెనక్కి ఆనుకుని, రెండు కాళ్ళూ ఎత్తి కుర్చీ అడ్డకర్ర మీద పెట్టుకుని, కదలకుండా కూర్చుని ఉంది. ఇన్నాళ్ళూ పరుగెత్తడానికి నేల మీద ఆనించిన కాలుని ఆ ఒక్క రోజు నేలకి తగలనివ్వలేదు. తగిలితే లేచిపోతుందని భయం. రిసీవర్‌ని రెండు చేతులతో పట్టుకుంది.

"వచ్చేరు," అన్నాడు కొర్లయ్య. "మాస్కులేసుకునే వచ్చేరు. ఒకాయన దిగతన్నాడు. తాడు కట్టుకున్నాడు." ఇక ఆమె అడగకుండానే చెప్పుకుంటూ పోయాడు. దిగేడు, కనిపించటం లేదు, తాడు కదిలింది, లాగతన్నారు. ఒక్క మాట చుట్టబెట్టలేదు, ఒక్క మాట దాచలేదు. "తీసేరమ్మా. బైటికి తీసేరు."

"ఊపిరుందా?"

"సూత్తన్నారు."

"ఉంటే ఉందను, లేకపోతే లేదను."

అటువైపు సైరన్, అరుపులు, ఎవరో పరుగెత్తే చప్పుడు.

"ఉంది," అన్నాడు కొర్లయ్య. "ఉందే. దగ్గుతన్నాడు."

నమ్మాలని ఎంత ఉందో, నమ్మడానికి అంత భయమేసింది. ఊపిరి లేకపోయినా ఉందనే చెప్పగల మనిషి ఈయన. ఒకసారి చెప్పాడు కూడా. "ఫోను అటు తిప్పు మామా. నాకినపడాలి."

ఫోను తీగ ఎంత సాగితే అంత సాగదీసి పట్టుకున్నాడు కాబోలు, గాలి హోరు చెవిలో పడింది. ఆ హోరు మధ్యలోంచి దూరంగా ఒక దగ్గు. చిన్నప్పుడు గొంతులో చేపముల్లు ఇరుక్కుని, నాన్న అన్నం ముద్ద మింగిస్తుంటే కళ్ళనీళ్ళు పెట్టుకుని దగ్గిన పిల్లవాడి దగ్గు. దాన్ని ఆమె ఎన్ని దగ్గుల మధ్య ఉన్నా పోల్చుకోగలదు.

"ఇంక పెట్టీ," అంది.

దేవీప్రసాద్ పరుగున వచ్చేసరికి ఆమె లేచి నిలబడి ఉంది. "కళ్ళు తెరిచాడు," అన్నాడాయన. "పేరు అడిగితే చెప్పాడు. అనకాపల్లి ఆసుపత్రికి పంపించాం. డాక్టర్లు చూశాక గాని మిగతాది చెప్పలేను." ఆ మనిషి మాట ఆమెకి ఎప్పుడూ ఇష్టమే. తెలిసింది తెలిసినంత వరకే చెబుతాడు. కుర్చీ కుమారికి అప్పగించి బయటికి నడిచింది. గేటు దగ్గర తన సెల్‌ఫోన్ తీసుకుంటుంటే కొర్లయ్య ఎదురొచ్చాడు. చొక్కా అంతా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. అంత వయసొచ్చిన మనిషి, చేసిన తప్పు తెలిసిన పిల్లాడిలా నిలబడ్డాడు.

"ముందే సెప్పాల్సింది," అన్నాడు. "నోరు రాలేదే. నీ గొంతు ఇనగానే పాత రోజే గుర్తొచ్చింది. ఆ రోజు కూడా నా అంతట నాను సెయ్యలేదమ్మా. మీ అమ్మే సెప్పింది. పిల్లకి కడుపులో ఇంత పడ్డాకే సెప్పు, లేకపోతే ఇది కూడా పోతాదని కాళ్ళు పట్టుకుంది."

దుర్గాలక్ష్మికి ఆ సంగతి తెలియదు. ఒడ్డున తెరచాప గుడ్డ పక్కన కూర్చున్న అమ్మ, అంతటి దుఃఖంలోనూ, హాస్టల్లో కూతురు తిన్నదో లేదో అని ఆలోచించిందన్నమాట. ఇన్నేళ్ళు మామ ఎదుట ముద్ద ముట్టకుండా ఎవరి మీద సాధించింది తను? కళ్ళు మండాయి. అయినా చెప్పాల్సింది చెప్పింది.

"సచ్చినోళ్ళ కబురైతే అన్నం పెట్టే సెప్పండి మామా, నానేటీ అనను. బతకాల్సినోడి కబురికి మాత్రం అన్నం అడ్డం రాకూడదు."

కొర్లయ్య తలూపాడు. "మరి మీ అమ్మకో?" అన్నాడు.

అదే మిగిలింది. ఆమె గేటు బయటికొచ్చి, సెక్యూరిటీ గది నీడలో నిలబడి ఫోన్ చేసింది. ఈ వేళకి అమ్మ చేపల గంప ఖాళీ చేసుకుని ఇంటికి చేరి, పొయ్యి మీంచి అన్నం దించుకుని ఉంటుంది. రోజూ వందమందికి ఎలా చెప్పాలో నేర్పే నోరు ఆరిపోయింది. ఫోను ఎత్తగానే గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

"అమ్మా, నాను. తమ్ముడు ట్యాంకులో పడిపోనాడు. బైటికి తీసేరు. బతికే ఉన్నాడు, కళ్ళు తెరిసేడు. అనకాపల్లి ఆసుపత్రికి తీసుకెల్లేరు. ప్రాణానికి బయం లేదు. నువ్వు బయల్దేరు."

చిన్నమ్మలు మాట్లాడలేదు. అరవలేదు, అయ్యో అనలేదు. ఆ నిశ్శబ్దంలో దుర్గాలక్ష్మికి తను అన్న మాటలు తనకే తిరిగి వినిపించాయి. బతికే ఉన్నాడు. ప్రాణానికి భయం లేదు. బయల్దేరు. సరిగ్గా ఈ మాటలే కదా, మనవాళ్ళు పోయినవాళ్ళ గురించి చెప్పేది. అబద్ధానికి వాడి వాడి అరగదీసిన మాటలతో ఇప్పుడు నిజం చెబితే ఏ తల్లి నమ్ముతుంది? ఇంకేం చెప్పాలో, ఎలా ఒట్టు వేయాలో తోచక ఆమె గేటు ఊచ పట్టుకుంది.

"దుర్గా," అంది తల్లి చివరికి. గొంతు దారప్పోగులా ఉంది. "అన్నం ఇప్పుడే దించేను. నానింకా తిన్లేదు." కాస్త ఆగింది. "తిని రానా?"

అమ్మ ఏం అడుగుతోందో దుర్గాలక్ష్మికి అర్థమైంది. అవతల ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని ఉంటుంది.

"తినకు," అంది. "అన్నం అలగే ఒగ్గీసి బేగి రా. ఆడు లేసేక ముగ్గురం కలిసే తిందాం."

అప్పుడు ఏడ్చింది చిన్నమ్మలు. లోపల బిగబట్టినదంతా ఒక్కసారి వదిలేసి, వత్తన్నాను, వత్తన్నాను అంటూ, గిన్నె మీద మూత వేసిన చప్పుడు, తలుపు గొళ్ళెం చప్పుడు ఫోనులో వినిపిస్తుండగా ఏడ్చింది. వీధిలోకొచ్చి ఎవరినో ఆటో పిలవమంది. మళ్ళీ ఫోను చెవి దగ్గర పెట్టుకుని, కూతురికెవరూ ముందు అన్నం పెట్టలేదు కదా అని ఇంకొక్కసారి తేల్చుకోవాలన్నట్టు అడిగింది.

"నువ్వు తిన్నావా?"

క్యారియర్ కంట్రోల్ రూము బల్ల మీదే ఉంది, మూత కూడా తియ్యకుండా.

"లేదమ్మా."

"మంచిది," అంది తల్లి.

కూతురు తినలేదంటే చిన్నమ్మలు మంచిదనడం, పుట్టి బుద్ధెరిగాక దుర్గాలక్ష్మి వినడం అదే మొదలు.